మాకు మద్రాసంటే చిన్నమ్మ ఇల్లు

మద్రాసు ప్రయాణం అనుకోగానే మా ఇంట్లో ముందు కట్టేది బట్టల మూట కాదు, బియ్యం మూట. మొలకొలుకులు, పాత బియ్యం, పది శేర్లకు తగ్గకుండా. దాని మీద మాగాయ జాడీ, నేతి డబ్బా, అమ్మమ్మ చేసిన సున్నుండలు. బట్టలన్నీ కలిపి ఒక్క గుడ్డ సంచీలో పట్టేవి. మా వైపు చుట్టాలింటికి పోవడమంటే అంతే. మన తిండి మనం మోసుకుపోయి, వాళ్ల చేత వండించుకుని తినడం.

మాది గూడూరు పక్కన పల్లె. మా నెల్లూరు వాళ్లకు పట్నం అంటే మద్రాసే. తెలంగాణ పిల్లలు పట్నం అంటే హైదరాబాదు అనుకుంటారని నాకు హాస్టల్లో చేరేదాకా తెలియదు. "పట్నం పోతున్నా" అని నా నల్గొండ రూమ్మేట్ ఒకడు హైదరాబాదు బస్సెక్కితే, వీడికేమైనా పిచ్చా అనుకున్నాను.

మా అమ్మ చెల్లెలు, అంటే మా చిన్నమ్మ, మద్రాసులో ఉండేది. చిన్నాయనకు పెరంబూరు ఐసీఎఫ్‌లో ఉద్యోగం. రైలు పెట్టెలు చేసే ఫ్యాక్టరీ. విల్లివాక్కం దగ్గర రైల్వే క్వార్టర్లో కాపురం. ఒక గది, ఒక వంటిల్లు, వెనకాల చిన్న వరండా. ఆ ఇంట్లో వాళ్లు నలుగురు. ఎండాకాలం సెలవులు ఇవ్వగానే మేం దిగేవాళ్లం, ఐదుగురమో ఆరుగురమో. ఒక్కో ఏడు తొమ్మిదిమంది. వస్తున్నామని ముందుగా కార్డు ముక్క రాసేవాళ్లు. ఒక్కోసారి ఆ కార్డు కంటే మేమే ముందు చేరేవాళ్లం.

తెల్లవారుజామున గూడూరులో ప్యాసింజర్ ఎక్కితే అది ప్రతి స్టేషన్లోనూ ఆగేది. నాయుడుపేట, దొరవారిసత్రం, సూళ్లూరుపేట, తడ. తడ దాటి ఆరంబాక్కం వచ్చిందంటే బోర్డు మీద అక్షరాలు మారిపోయేవి. అప్పుడు మా తాత కాళ్లు కాస్త దగ్గరకు లాక్కుని, బెంచీ కింది బియ్యం మూటకు పంచె అడ్డం పెట్టేవాడు. ఆ రోజుల్లో రాష్ట్రం దాటించి బియ్యం తీసుకుపోవడం మీద ఆంక్షలుండేవి. ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని గుమ్మిడిపూండి దాకా మా అందరికీ టెన్షన్. పొన్నేరి దాటాక తాత కాళ్లు చాపేవాడు. ఎన్నూరు, తిరువొత్తియూరు, కొరుక్కుపేట, బేసిన్ బ్రిడ్జి. బొగ్గు నలుసులు పడి ఎర్రబడ్డ కళ్లతోనే సెంట్రల్ స్టేషన్ గడియార స్తంభం చూసేవాణ్ని. ఆ ఎర్ర కోట లాంటి స్టేషన్ చూస్తే చాలు, నాకు సగం పట్నం చూసేసినట్టుండేది. అక్కడినుంచి అరక్కోణం వైపు పోయే లోకల్ ఎక్కి విల్లివాక్కం.

చిన్నాయన స్టేషన్‌కు వచ్చేవాడు. రైలు దిగగానే ఆయన చేసే మొదటి పని, మేం దిగిన పెట్టె గోడ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి, "ఇది మాదే" అనడం. లోపల తలుపు దగ్గర చిన్న రేకు మీద ఐసీఎఫ్ అని ఉండేది. ఇప్పటికీ ఏ రైలెక్కినా నా కళ్లు ముందు ఆ రేకును వెతుకుతాయి, బెర్తు సంగతి తర్వాత.

1977 వేసవి ప్రయాణం మాత్రం వేరు. అప్పుడు నాకు పదేళ్లు. అమ్మమ్మకు తిరుపతి మొక్కు ఉండేది. సరే, కొండకు పోయి, అక్కడినుంచి బస్సులో మద్రాసు పోదామన్నారు. అసలు కారణం మొక్కు ఒక్కటే కాదు. తిరుమలలో వెంకన్నను చూసినవాళ్లు మద్రాసు దాకా వెళ్లి ఎన్టీ రామారావును కూడా చూసి ఊరికి రావడం అప్పటికే ఆనవాయితీ. కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి టూరిస్టు బస్సులు తిరుపతి మీదుగా తిన్నగా టి.నగర్ బజుల్లా రోడ్డుకు పోయేవి. టూరిజం డిపార్టుమెంటు ఏ కరపత్రం వెయ్యకుండా, ఏ ప్రకటనా ఇవ్వకుండా జనమే వేసుకున్న రూటు అది. కొండ మీద దేవుడు, బజుల్లా రోడ్డులో దేవుడి వేషం.

ఆయన పొద్దున్నే షూటింగుకు పోతాడనీ, ఆరింటికల్లా అక్కడుంటే తప్పక కనిపిస్తాడనీ చిన్నాయన చెప్పాడు. ఆ లెక్కన నాలుగింటికి లేవాలి. లేచాం. కానీ ఆ రోజు కుళాయిలో నీళ్లు రాలేదు. వచ్చేసరికి ఐదు దాటింది. స్నానం చెయ్యకుండా దర్శనానికి ఎట్లా పోతామని అమ్మమ్మ మొండికేసింది. తొమ్మిదిమంది స్నానాలయ్యి, రెండు బస్సులు మారి, మేం బజుల్లా రోడ్డు చేరేసరికి ఎండ ఎక్కింది.

వీధి నిండా గుండ్లు. ఎటు చూసినా గుండ్లే, వాటి మీద చందనం. ఆడవాళ్లవీ, మగవాళ్లవీ, చంటిపిల్లలవీ. మా అమ్మమ్మ గుండు, తాత గుండు, నా గుండు అందులో కలిసిపోయాయి. రామారావు గంట క్రితమే వెళ్లిపోయాడని అక్కడివాళ్లు చెప్పారు. రాజమండ్రి వైపు నుంచి బస్సులో వచ్చిన ఒకావిడ, "ఇదిగో ఇక్కడే నిలబడ్డారమ్మా, అందరికీ దండం పెట్టారు" అని నేల చూపించింది. అమ్మమ్మ ఆ నేలనూ చూసింది, గేటునూ చూసింది. చెప్పులు విడిచి గేటుకు నమస్కారం పెట్టింది. చిన్నాయనకు నవ్వొచ్చి అటు తిరిగాడు. చిన్నమ్మ మాత్రం ఆ నీళ్లు రాకపోవడం తన తప్పే అయినట్టు దారి పొడుగునా బాధపడింది.

ఊళ్లో అడిగినవాళ్లందరికీ అమ్మమ్మ చూశాననే చెప్పింది. "ఎర్రగా, ఇంతెత్తు మనిషి, పంచెకట్టులో ఉన్నాడు. 'ఎప్పుడొచ్చారు అమ్మా' అని అడిగాడు" అని కూడా అంది. మా అమ్మ మావైపు ఒక చూపు చూసింది. మేం నోరెత్తలేదు. కొన్నేళ్లకు నాకే, ఏమో నిజంగానే చూశామేమో అనిపించేది.

పట్నం చూపించే పని చిన్నాయనది. ఆయనకు సెలవు ఉండేది ఆదివారం ఒక్కరోజే కాబట్టి, మిగతా రోజులు చిన్నమ్మే తీసుకుపోయేది. ఎవరి చేతిలోనూ పుస్తకం లేదు, పటం లేదు. వాళ్లకు తెలిసిందే పట్నం. మౌంట్ రోడ్డులో ఎల్ఐసీ బిల్డింగు కింద నిలబెట్టి పద్నాలుగు అంతస్తులూ లెక్కపెట్టించేవాళ్లు. నాకు ఎప్పుడూ పదమూడే వచ్చేవి. జెమిని దగ్గర వంతెన 1973లో కట్టారు, మద్రాసుకు అది మొదటి ఫ్లైఓవర్. దాని మీదుగా పోయే పల్లవన్ బస్సు చూసి ఎక్కించి, కిటికీ పక్కన కూచోబెట్టేవాడు చిన్నాయన. కింద రోడ్డు మీద ఒక బస్సు, దాని నెత్తిన మా బస్సు! ఊళ్లో చెబితే ఎవరూ నమ్మలేదు.

ఇక చచ్చిన కాలేజీ, బతికిన కాలేజీ. ఆ మాటలు తెలియని వాళ్ల కోసం చెబుతున్నా, చచ్చిన కాలేజీ అంటే ఎగ్మూరు మ్యూజియం, బతికిన కాలేజీ అంటే సెంట్రల్ స్టేషన్ దగ్గర మూర్ మార్కెట్ వెనకాల ఉండిన జూ. ఒకచోట చచ్చిన జంతువులు, రెండోచోట బతికినవి. అరవం వాళ్లూ అట్లాగే అనేవాళ్లు, మనవాళ్లూ అట్లాగే అనేవాళ్లు. మ్యూజియంలో తిమింగలం ఎముకల గూడు కింద మేం నోళ్లు తెరుచుకుని నిలబడితే, తాత మాత్రం అమరావతి శిల్పాల గదిలో ఆగిపోయాడు. పద్మాలు, స్తూపాలు, తలలు వంచి మొక్కుతున్న మనుషులు. "అమరావతి మనది కదా తాతా, ఇక్కడికెందుకు తెచ్చారు?" అని అడిగాను. "అప్పుడు మనమూ వీళ్లూ ఒకటేరా" అన్నాడు. 1953 దాకా మా నెల్లూరు కూడా మద్రాసు రాష్ట్రంలోదే. తాత చదువుకున్న నాలుగు తరగతులూ ఆ సర్కారు బళ్లోనే. అందుకేనేమో ఆయన మద్రాసులో ఎప్పుడూ పరాయివాడిలా నడవలేదు. తమిళం ఒక్క ముక్క రాకపోయినా ఎవరితోనైనా తెలుగులోనే గదమాయించేవాడు, వాళ్లూ తెలుగులోనే జవాబు చెప్పేవాళ్లు.

మూర్ మార్కెట్ గురించి రాయాలంటే వేరే పోస్టు కావాలి. పాత పుస్తకాలు, గ్రామఫోను రికార్డులు, పంజరాల్లో చిలకలు, విరిగిన బొమ్మలు, విరగని బొమ్మలు. చెప్పిన ధరలో నాలుగోవంతుకు అడగాలని చిన్నమ్మ నేర్పింది. నేను ఒక టార్చిలైటు అట్లాగే బేరమాడి కొన్నాను. మూడు రోజులు వెలిగింది. 1985లో మూర్ మార్కెట్ కాలిపోయింది. ఆ ఏడే జూను వండలూరుకు మార్చేశారు. మా బతికిన కాలేజీ, దాని ముందున్న సంత, రెండూ ఒకే ఏడాదిలో పోయాయి.

సాయంత్రాలు మెరీనా. "తేంగా మాంగా పట్టాణి సుండల్" అని అరుస్తూ తిరిగే కుర్రాళ్ల దగ్గర కాగితం పొట్లంలో బఠాణీలు. అంతే బయట తిండి. వారం రోజుల్లో హోటల్ గడప తొక్కింది ఒకే ఒక్కసారి, అదీ కాఫీకి. మిగతాదంతా చిన్నమ్మ వంటే. పొద్దున్నే పులిహోరో పెరుగన్నమో కలిపి క్యారేజీలో పెట్టేది. మేం దాన్ని గిండీ పాముల పార్కులో తిన్నాం, వళ్లువర్ కోట్టం మెట్ల మీద తిన్నాం.

నీళ్ల సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాతగానీ తెలియలేదు. మద్రాసుకు ఎండాకాలం అంటే నీళ్ల కటకట. మేం సరిగ్గా ఆ ఎండాకాలంలోనే దిగేవాళ్లం. పల్లెలో బావి దగ్గర పోసుకున్నట్టే పొద్దునా సాయంత్రం స్నానం చేసేవాళ్లం. మేం నిద్రలో ఉండగా చిన్నమ్మ రెండున్నరకు లేచి, వీధి చివర చేతిపంపు దగ్గర ప్లాస్టిక్ బిందెలు వరసలో పెట్టి, పద్దెనిమిది బిందెలు మోసేదట. "నీళ్లకేం కొదవ లేదు, బాగా పోసుకోండి" అనేది మాతో. ఈ పద్దెనిమిది బిందెల లెక్క మాకు చెప్పింది చిన్నమ్మ కాదు. ఆమె కూతురు. తన పెళ్లిలో, వేళాకోళంగా. నవ్వాం అందరం. మా అమ్మ మాత్రం నవ్వలేదు.

1983 జనవరిలో రామారావు ముఖ్యమంత్రి అయ్యాడు. అప్పటికే సినిమావాళ్లు ఒకరొకరుగా హైదరాబాదు సర్దుకుంటున్నారు. చూడాల్సిన మనుషులు అక్కడికి పోతే చూసేవాళ్లూ అక్కడికే పోతారు కదా. గూడూరులోనే బయలుదేరే సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే పొద్దునకు సికింద్రాబాదు. నేను మొదటిసారి అట్లా వెళ్లింది ఉద్యోగం పరీక్షకు. మా ఊరి అబ్బాయి ఒకడు చిక్కడపల్లిలో ముగ్గురితో కలిసి గదిలో ఉండేవాడు. నేను ఐదోవాణ్ని. పరీక్ష అయ్యాక సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం ముందు మధ్యాహ్నం పన్నెండు కోసం గంటసేపు కూచున్నాం. బొమ్మ బయటికొచ్చి పన్నెండు గంటలు కొట్టి లోపలికి పోయింది. జనం చప్పట్లు కొట్టారు. హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుణ్ని 1992 డిసెంబరులో నిలబెట్టాక, మా ఊరి నుంచి హైదరాబాదు పోయిన ప్రతివాడూ ఆ బుద్ధుడి ముందు ఒక ఫోటో తెచ్చుకునేవాడు. ఫోటోలో బుద్ధుడు బొటనవేలంత, వీడు నిలువెత్తు. నాకు హైదరాబాదు నచ్చింది. కానీ అక్కడ నాకోసం ఎవరూ క్యారేజీ కట్టలేదు.

తొంభైల్లో యాత్రా బస్సులు వచ్చాయి. ఊళ్లో ఒకాయన పోగుచేసి, తలకు ఇంత అని వసూలు చేసి, వంటవాణ్ని, గ్యాసు పొయ్యిని, బియ్యాన్ని బస్సులోనే ఎక్కించేవాడు. పన్నెండు రోజుల్లో దక్షిణ దేశం. రాత్రంతా ప్రయాణం, పొద్దున ఏ చెరువు గట్టునో ఆపితే స్నానాలు, చెట్టు కింద ఉప్మా. 1997 సంక్రాంతి అయ్యాక అమ్మానాన్న, తాత అట్లా బయలుదేరితే నేనూ తోడు వెళ్లాను. ఆ లెక్కలో మధురకు ఒక రోజు, రామేశ్వరానికి ఒక రోజు, బెంగళూరుకు ఒక పూట, విధానసౌధ ముందు పావుగంట. మద్రాసుకు సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా! అదీ మెరీనా దగ్గర. మేం వారాల తరబడి ఉండిన ఊరికి మూడు గంటలు.

విల్లివాక్కం దాకా ఒక్కసారి తిప్పమని అమ్మ డ్రైవర్ని బతిమాలింది. నలభైఐదు మంది ఉన్న బస్సు మా చిన్నమ్మ ఇంటికి ఎందుకు పోతుంది? అమ్మ ఎస్టీడీ బూత్‌కు పోయి ఫోన్ చేసింది. సాయంత్రం గాంధీ విగ్రహం దగ్గర చిన్నమ్మ, చిన్నాయన నిలబడి ఉన్నారు. చేతుల్లో రెండు పెద్ద స్టీలు డబ్బాలు. నిమ్మకాయ పులిహోర, బస్సు మొత్తానికి. ముందురోజు రాత్రి నుంచీ కాదు, ఫోన్ అందుకున్న రెండు గంటల్లో చేసింది. రెండు లోకల్ రైళ్లు, ఒక బస్సు మారి మోసుకొచ్చారు. ఎవరో తెలియని ఊరివాళ్లందరికీ ఇసుకలో విస్తరాకులు పరిచి వడ్డించింది. తాతకు అప్పటికి ఎనభై దగ్గర. అంతకు కొన్ని నెలల ముందే, 1996లో, తెలుగుగంగ కాలువలో మా కండలేరు మీదుగా కృష్ణ నీళ్లు పూండి చెరువుకు చేరాయి. తాత ఆ సంగతి పట్టుకుని, "మన నీళ్లు పంపించాం కదమ్మా. ఇంక నీ ఇంట్లో రెండు పూటలా పోసుకోవచ్చు" అన్నాడు. చిన్నమ్మ నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఏడింటికి బస్సు హారన్ కొట్టింది.

నేను చిన్నమ్మ ఇంట్లో చివరిసారి పడుకున్నది 2004లో. మా అక్క కొడుక్కు అమెరికా వీసా ఇంటర్వ్యూ. అప్పటికి హైదరాబాదులో కాన్సులేటు లేదు, 2008లో వచ్చింది. తెలుగు పిల్లలంతా మద్రాసుకే రావాలి. ఇక్కడి కాన్సులేటు జెమిని ఫ్లైఓవర్ పక్కనే. తెల్లవారకముందే వరస. ఆ వరసలో అరవం కంటే తెలుగే ఎక్కువ వినిపించింది. "ఫండ్స్ ఎంత చూపించావు", "ఏ కౌంటరుకు పోతావో దాన్నిబట్టే". మావాడు లోపలికి పోయాక, నేను ఎదురుగా నిలబడి వంతెన మీద పోయే బస్సుల్ని చూశాను. అది ఇంత చిన్నదా అనిపించింది. చిన్నాయన అప్పటికి రిటైరై విల్లివాక్కంలోనే చిన్న ఫ్లాటు కొనుక్కున్నాడు. ఆ రాత్రి మావాడికి మంచం ఇచ్చి ఆయన వరండాలో పడుకున్నాడు. పొద్దున మావాడు నాతో, "మామా, వచ్చేసారి హోటల్ తీసుకుందాం. వాళ్లకు ఇబ్బంది" అన్నాడు.

ఆ మాట మా ఇంట్లో అదే మొదటిసారి వినడం. ఇబ్బంది. మా తాత తొమ్మిదిమందిని వెంటబెట్టుకుని దిగినప్పుడు ఈ మాట ఎవరి నోటా రాలేదు. మావాడి తప్పేం లేదు. వాడు చెప్పింది నిజమే, పైగా మంచి మనసుతోనే అన్నాడు. చిన్నమ్మ మోకాళ్ల నొప్పులు నాకూ కనపడుతూనే ఉన్నాయి. నాకు మాత్రం ఇబ్బంది లేదా? ఒకే బాత్రూమున్న ఇంట్లో ఆరుగురు క్యూ కట్టడం నాకూ రానురాను కష్టంగానే ఉంది. ఆ తర్వాత వెన్ను ఆపరేషన్ అడగడానికి వెళ్లినా, మావాడి పెళ్లికి పానగల్ పార్కు దగ్గర పట్టుచీరలకు వెళ్లినా, పొద్దున పోయి రాత్రికి వచ్చేవాళ్లం, లేదా లాడ్జిలో దిగేవాళ్లం. నాలుగు వరసల రోడ్డు పడ్డాక నెల్లూరు నుంచి కారులో మూడున్నర గంటలు. ఆ మూడున్నర గంటల దూరమే మా చిన్నమ్మ ఇంటిని దూరం చేసింది.

మధ్య ఒకసారి పేపర్లో చదివాను. 2019లో దేశంలో దేశీయ పర్యాటకుల రాకపోకలు 232 కోట్లట. మరుసటి ఏడు కరోనాతో 61 కోట్లకు పడిపోయాయట. ఈ లెక్కలు ఎక్కువగా హోటళ్లూ లాడ్జీల రిజిస్టర్ల మీద కడతారు. అట్లాగైతే మా తాత ఒక్క ఏడు కూడా పర్యాటకుడు కాదు. మేం తొమ్మిదిమందిమి ఏ లెక్కలోనూ లేం. మమ్మల్ని లెక్కపెట్టింది బిందెలతో చిన్నమ్మ ఒక్కతే.

చిన్నాయన 2016లో పోయాడు. ఇంకో రెండేళ్లు ఉంటే ఐసీఎఫ్‌లోనే మొదటి వందే భారత్ తయారై బయటికి రావడం చూసేవాడు. మొన్న నవంబరులో ఆ బండిలోనే నేను చెన్నై వెళ్లాను. నేను నెల్లూరులో ఒక్కణ్నే ఉంటాను, మా ఆవిడ పోయి నాలుగేళ్లు. మావాడు, అంటే మా అబ్బాయి, విజయవాడలో ఉంటాడు. శనాదివారాలు చెన్నై పోదాం రమ్మని, వాళ్లు ముగ్గురూ విజయవాడలో ఎక్కి, నన్ను నెల్లూరులో ఎక్కించుకున్నారు. బండి తడ, ఆరంబాక్కం వైపు పోదు, రేణిగుంట మీదుగా పోతుంది. కిటికీ తెరుచుకోదు. సెంట్రల్లో దిగాక, ఎవరూ చూడకుండా పెట్టె గోడ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాను. మా మనవరాలు చూసింది. "ఏం చేస్తున్నావ్ తాతా?" అంది.

హోటల్ టి.నగర్‌లో. మావాడి ఫోన్లో ఒక జాబితా ఉంది. ఏ కాఫీ షాపు, దానికి ఎన్ని చుక్కలు, ఏ మాల్‌లో పిల్లల ఆటలు, ఏ బీచిలో ఎన్నింటికి వెలుతురు బాగుంటుంది. నిజం చెప్పాలంటే మేం ఆ రెండు రోజుల్లో తిరిగినంత సుఖంగా నేను మద్రాసులో ఎప్పుడూ తిరగలేదు. మెట్రోలో ఏసీ, గదిలో వేడినీళ్లు, ఆకలేస్తే ఫోన్‌లో బిర్యానీ. నేను అడిగింది ఒక్కటే, చచ్చిన కాలేజీ. కోడలు ఉలిక్కిపడింది. సంగతి చెప్పాక అందరం వెళ్లాం, మెట్రోలో ఎగ్మూరు దిగి. తిమింగలం అక్కడే ఉంది. మనవరాలు అమరావతి గదిలో ఆగి నా ప్రశ్నే అడిగింది. తాత జవాబే చెప్పాను. "ఒకటంటే?" అంది. దానికి నా దగ్గర జవాబు లేక ఐస్‌క్రీం కొనిపెట్టాను.

శనివారం రాత్రి మావాడితో మెల్లగా అన్నాను, రేపు ఒక పూట చిన్నమ్మ దగ్గరకు పోయివద్దామా అని. "పోతే రెండు గంటల్లో వదలదు నాన్నా. భోజనం చేసి వెళ్లమంటుంది. ఆ వయసులో పాపం ఆవిడ లేచి వండాలి. ఈసారికి చెప్పొద్దులే, ఇంకోసారి దానికోసమే వద్దాం" అన్నాడు. సరే అన్నాను. సరే అనడానికి నాకూ పెద్దగా కష్టం కాలేదు, అది దాచను.

చిన్నమ్మ ప్రతి ఆదివారం పొద్దున పదింటికి నాకు ఫోన్ చేస్తుంది. ఆ సంగతి మర్చిపోయాను. హోటల్ కిటికీ దగ్గర కూచుని ఉన్నాను. బయట వాన దంచుతోంది. కింద పాండీ బజారులో గొడుగులు. ఫోన్ మోగింది.

"ఏంరా అబ్బయా, బువ్వ తిన్నావా?"

"టిఫిన్ తిన్నా చిన్నమ్మా."

"ఎక్కడుండావు?"

"ఇంట్లోనే."

"ఇక్కడ రాత్రి నుంచీ ఒకటే వాన. అక్కడా పడతా ఉండాదా?"

"పడతా ఉండాది" అన్నాను.

సరిగ్గా అప్పుడే కిటికీ కింద ఆటోవాడొకడు హారన్ కొట్టి, ఎవర్నో తమిళంలో గట్టిగా తిట్టాడు. నేను ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టాను, ఆలస్యంగా. అవతల చిన్నమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఏమీ జరగనట్టే మోకాలి నూనె గురించి చెప్పింది, కూతురు మొన్న వచ్చి వెళ్లిన సంగతి చెప్పింది. పెట్టేసే ముందు, "సరే నాయనా, తడవకుండా తిరగండి" అంది.

ఇంట్లో నేనొక్కణ్నే ఉంటానని చిన్నమ్మకు తెలుసు.